వేలంపాటలలో అరుదైన తెలుగు గ్రంథాల అన్వేషణ : అంతర్జాల సూచనల వినియోగం

ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరింపగా, 1910లో మద్రాసు నుండి వావిళ్ల వారు ప్రచురించారు. అంతకు పూర్వం 1887లో వెలువడిన ముద్రణలో కవయిత్రి పీఠికా, కొన్ని పద్యాలూ లోపించినవి. ఆ లోపాన్ని పూరించడమే నాగరత్నమ్మ పరిష్కరణకు ముఖ్యోద్దేశం. ప్రచురణ జరిగిన కొద్దికాలానికే గ్రంథం అశ్లీలమన్న ఆరోపణపై ప్రభుత్వం ప్రతులను స్వాధీనం చేసుకొని నిషేధించినది. నిషేధం తొలగిన పిమ్మట 1952లో వావిళ్ల వారే దానిని తిరిగి అచ్చువేశారు. కాబట్టి ఈ కావ్య పాఠచరిత్రను పరిశీలింపదలచిన పరిశోధకునికి 1887, 1910, 1952 ముద్రణలు మూడూ ఎదుట ఉండాలి. వీటిలో మొదటి రెండూ దొరకడం దుర్లభం. అట్టి ప్రతి ఒకటి ఏ ఇంగ్లండు పల్లెటూరి వేలంశాలలోనో, ఏ మద్రాసు పాతపుస్తకాల వ్యాపారి జాబితాలోనో అమ్మకానికి వచ్చినప్పుడు, హైదరాబాదు తూర్పు శివారున నాగారంలో ఉండే ప్రాచ్యకళాశాలాధ్యాపకునికి ఆ సంగతి సకాలంలో తెలిసే ఉపాయమేది?

పూర్వం ఈ ప్రశ్నకు సమాధానం కాలినడకే. ఆదివారం తెల్లవారగానే ఆబిడ్స్ కాలిబాటకు చేరి, పరచిన పట్టాలపై పుస్తకాలను ఒక్కొక్కటిగా తిరగవేయడం నగరంలోని తెలుగు, సంస్కృత అధ్యాపకులకు ఎరుకైన పనే. ఇప్పటికీ ఆ సంత నడుస్తున్నది. దానికి సాటి మరొకటి లేదు కూడా. నాగారం నుండో నాచారం నుండో బయలుదేరి అక్కడికి చేరేలోగా మంచి ప్రతులు చేతులు మారి ఉంటాయన్నది వేరే విషయం. సి.పి. బ్రౌను కాలంలో ఈ పనిని జీతగాండ్రైన పండితులు చేశారు. కడపలో తన బంగళాలో సొంత ధనంతో పండితులను పోషించి, ప్రతులు తెప్పించి, పాఠాంతరాలు చూపించి, శుద్ధప్రతులు వ్రాయించిన పద్ధతి అందరూ ఎరిగినదే. ఫలానా గ్రంథం కావాలని నలుదిక్కులా చెప్పి ఉంచడం, కనబడినవారు కబురు పంపడం అన్నదే దాని సారం. నేటి అంతర్జాల సూచన (వ్యవహారంలో ‘అలర్టు’) చేసేది కూడా ఆ పనే. భేదమల్లా ఒక్కటే: బ్రౌను పండితునికి తెలుగు వచ్చును, యంత్రానికి రాదు. ఈ వ్యాసంలో చెప్పదలచినదంతా ఆ ఒక్క భేదం నుండి పుట్టినదే.

అలర్టు స్వరూపం సులభమైనది. వెతుకదలచిన మాటలను ఒకసారి అమ్మకపు వేదికలో నమోదు చేసి భద్రపరిస్తే, ఆ మాటలున్న వస్తువు కొత్తగా చేరినప్పుడల్లా ఈ-మెయిలు వస్తుంది. 1995లో పుట్టిన ఈబేలో దీనిని భద్రపరచిన అన్వేషణ అంటారు. కెనడాలో ఆరంభమై 2008లో అమెజాన్ సంస్థ చేతికి వెళ్లిన ఏబ్‌బుక్స్‌లో ‘వాంట్స్’ అని పేరు. అది వేలం కాదు, స్థిరధరకు అమ్మే వర్తకుల సమూహం. అనేక వేలంశాలల కేటలాగులను ఒకచోట చేర్చే ఇన్‌వాల్యుయబుల్, ది సేల్‌రూమ్ వంటి వేదికలలోనూ ఈ సదుపాయం ఉన్నది. వర్తకుల జాబితాలను కలిపి వెతికే వయాలిబ్రి పుస్తకాలకే ప్రత్యేకించినది. వీటిలో అలర్టు పెట్టుకోవడానికి పట్టే కాలం పది నిమిషాలు. సరియైన మాట ఎంచుకోవడానికి పట్టేది కొన్ని మాసాలు.

మొదటి చిక్కు భాష పేరుతోనే వస్తుంది. ‘తెలుగు’ అని నేటి ఆంగ్లవర్ణక్రమంలో అలర్టు పెట్టినవారికి పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్ల వ్యాకరణాలలో ఒక్కటీ చిక్కకపోవచ్చు. 1814లో శ్రీరాంపురంలో అచ్చయిన విలియం కేరీ వ్యాకరణం పేరులో భాష ‘తెలింగానా’. 1816 నాటి ఏ.డి. క్యాంబెల్ వ్యాకరణంలోనూ, 1821 నాటి ఆయన నిఘంటువులోనూ అది ‘తెలూగూ’, అనగా ఓ అనే ఆంగ్లాక్షరం జంటలు జంటలుగా వచ్చే వర్ణక్రమం. 1817 నాటి విలియం బ్రౌను వ్యాకరణంలో ‘జెంటూ’. కేటలాగు వ్రాసేవాడు ముఖపత్రంలో ఉన్నదానినే ఎత్తివ్రాస్తాడు గనుక ఈ మూడింటికీ వేర్వేరు అలర్టులు తప్పవు. అయితే జెంటూ అన్నమాట విషయంలో కొంత ఓర్పు కావాలి. హాల్‌హెడ్ 1776లో ప్రకటించిన ధర్మశాస్త్ర సంగ్రహం పేరులోనూ ఆ మాట ఉన్నది, అక్కడ దాని అర్థం హిందువులని. అంతేగాక ఆ పేరుతో ఒక పెంగ్విన్ పక్షిజాతి, ఒక కంప్యూటరు నిర్వహణ వ్యవస్థ కూడా ఉన్నవి. వ్యాకరణం కోసం ఎదురుచూచే పండితునికి వారం వారం పెంగ్విన్ బొమ్మలు వచ్చి పడతాయి. అందుకే ‘జెంటూ’తోపాటు ‘గ్రామరు’ లేదా ‘మద్రాసు’ అన్న మాట జోడించాలి. లేదా అక్కరలేని మాటకు ముందు తీసివేత గుర్తు పెట్టి దానిని తొలగించాలి.

గ్రంథనామాల విషయంలో ఈ చిక్కు మరింత ముదురుతుంది. మానవల్లి రామకృష్ణకవి వెలికితీసి, 1909లో ప్రథమభాగాన్ని ప్రకటించిన నన్నెచోడుని కుమారసంభవమును ఉదాహరణంగా తీసికొనవచ్చు. నన్నెచోడుని కాలనిర్ణయంపై ఆనాడు మొదలైన వాదం ఆ ముద్రణ పీఠికతోనే ముడిపడినది గనుక ఆ ప్రతికి గల విలువ వేరు. గ్రంథనామం ఒక్కటే అలర్టుగా ఇస్తే వచ్చేవి దాదాపు అన్నీ కాళిదాసువే. కవి పేరు చేర్చితే, చకారానికి సి ఒక్కటే వ్రాసేవారు కొందరు, సి-హెచ్ వ్రాసేవారు మరికొందరు; నన్నె, చోడ అని విడదీసేవారు ఇంకొందరు. గ్రంథాలయ సంప్రదాయంలో చకారానికి సి ఒక్కటే. బజారు సంప్రదాయంలో సి-హెచ్. రాధికాసాంత్వనములో ఉత్తరపదాన్ని వి-తోనూ డబ్ల్యు-తోనూ వ్రాస్తారు. ‘స్వాంతనము’ అని తారుమారు చేసేవారూ లేకపోలేదు. ఇట్టిచోట కవయిత్రి పేరు, పరిష్కర్త్రి పేరు, ‘వావిళ్ల’ అన్న ప్రచురణకర్తల ఇంటిపేరు విడివిడి అలర్టులుగా ఉంచడం మేలు. వావిళ్ల వారి ఆంగ్ల ముద్రలో ‘వి. రామస్వామి శాస్త్రులు అండ్ సన్స్’ అన్న రూపం కూడా ఉన్నందున దానిని విస్మరింపరాదు. ఈబేలో ఇన్ని రూపాలను కుండలీకరణాలలో కామాలతో విడదీసి ఒకే అన్వేషణగా ఇవ్వవచ్చు. ఏ రూపాలు ఇవ్వాలో తోచనప్పుడు ఎల్.డి. బార్నెట్ కూర్చిన బ్రిటిష్ మ్యూజియం తెలుగు గ్రంథాల పట్టిక (1912) మిక్కిలి ఉపకరిస్తుంది. ఆంగ్లదేశపు పాతవర్తకుల వర్ణక్రమాలకు మూలం ఎక్కువగా అట్టి పట్టికలే.

తెలుగు లిపిలో వెతికితే ఈ బాధ ఉండదనుకోవడం పొరపాటు. భారతీయ విక్రేతలు తెలుగులో వ్రాసినప్పుడు కూడా ‘కుమారసంభవము’, ‘కుమారసంభవం’ యంత్రానికి వేర్వేరు మాటలు. అరసున్న, శకటరేఫము ఉన్న రూపం ఒకటి, లేని రూపం మరొకటి. సున్నకూ అనునాసికానికీ అభేదం యంత్రం ఎరుగదు. బాలవ్యాకరణం చదివిన విద్యార్థికి క్షణంలో తెలిసే వికల్పాలు ఇవి. అందుచేతనే అలర్టులు కూర్చే పని కంప్యూటరు తెలిసినవారికంటె వ్యాకరణం తెలిసినవారికి బాగా అబ్బుతుంది.

శీర్షిక సరిపోయినా ముద్రణ సరిపోదు. గురజాడ కన్యాశుల్కము 1897 ముద్రణకూ, 1909లో విస్తరించిన రెండవ కూర్పుకూ పేరు ఒకటే, నాటకం దాదాపు వేరు. అలర్టులో వచ్చేవి మాత్రం ఇటీవలి పునర్ముద్రణలు, 1955 నాటి చలనచిత్రపు పాటల పుస్తకాలు. బ్రౌను నిఘంటువుకూ ఇదే గతి: 1852 నాటి మూలం, వెంకటరత్నం, క్యాంబెల్, వీరేశలింగం సంస్కరించిన 1903 కూర్పు, తరువాతి ప్రతిరూప ముద్రణలు ఒకదానిపై ఒకటి వచ్చి పడతాయి. ప్రచురణ సంవత్సరానికి పై హద్దు పెట్టగల వేదికలలో ఆ హద్దు పెట్టడం తప్పనిసరి. అయితే పాత తెలుగు పుస్తకాలలో సంవత్సరమే మోసం చేసేదిగా ఉంటుంది. ముఖపత్రంలో శాలివాహన శకం 1832 అని ఉంటే అది క్రీస్తుశకం 1910. అన్యభాషీయుడైన కేటలాగుకర్త అంకెను ఉన్నదున్నట్లు దింపితే పుస్తకం వయస్సు 78 ఏండ్లు పెరుగుతుంది. సాధారణ నామ సంవత్సరం 1910-11లోనూ వచ్చినది, 1970-71లోనూ వచ్చినది. ఛాయాచిత్రంలో ముఖపత్రం స్పష్టంగా లేనప్పుడు విక్రేతను అడిగి తెప్పించుకొని చదవడం తప్ప మార్గాంతరం లేదు.

అలర్టులకు అసలే చిక్కని వర్గం ఇంకొకటి ఉన్నది, ప్రాచ్యకళాశాలలకు దానితోనే ఎక్కువ పని. పందొమ్మిదవ శతాబ్దిలో మద్రాసులో తెలుగు లిపిలో ముద్రితమైన సంస్కృత గ్రంథాలు కొల్లలు. విదేశీయుడు వాటిని చూచి తెలుగనీ వ్రాయడు, సంస్కృతమనీ వ్రాయడు. ‘దక్షిణ భారత భాషా గ్రంథం’ అనో, తమిళమనో, కన్నడమనో వ్రాస్తాడు. నలుగురైదుగురు కలిసి ఇట్టి స్థూలమైన మాటలకు అలర్టులు పెట్టుకొని, వచ్చిన ఛాయాచిత్రాలను వంతులవారీగా చూడడం ఒక్కటే దీనికి ఉపాయం. విసుగు పుట్టించే పనే. కాని లాభసాటియైన పని కూడా ఇదే. వర్ణన సరిగా ఉన్న గ్రంథానికి పోటీదారులు ఉంటారు. తప్పుగా ఉన్నదానికి లిపి చదువగలవాడే ఉంటాడు.

స్థిరధర పుస్తకానికి అలర్టు తక్షణం రావాలి. గంట ఆలస్యమైనా పుస్తకం పోతుంది. వేలానికి రోజుకొకసారి వచ్చినా చాలును, ఎందుకంటే కేటలాగు వేలానికి ముందుగానే వెలువడుతుంది. ఆ వ్యవధిలోనే పని ఉన్నది. ముందు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ప్రతి ఉన్నదేమో చూడాలి. ఉంటే పుటలసంఖ్య సరిచూడాలి. ఆ ప్రతులలో పీఠికాపుటలు లోపించినవి, రెండుసార్లు పడినవి ఉంటాయి. చదువుకోవడానికి ఆ ప్రతి సరిపోయినప్పుడు కళాశాల ధనాన్ని వేలంలో పెట్టడం ఎందుకు? లోపించిన పుటలే పరిశోధనకు కీలకమైనప్పుడు మాత్రం వేలానికి వెళ్లవలసిందే. అప్పుడు విక్రేతను స్థితినివేదిక అడగాలి: పురుగు తిన్నదా, ముఖపత్రం అసలుదా, పుటలు పూర్తిగా ఉన్నవా అని.

ధర విషయంలో సుత్తి దెబ్బ పడిన మొత్తం చివరి మొత్తం కాదు. ఉదాహరణకు ఆంగ్లదేశంలో 200 పౌన్లకు పాట ముగిసి, కొనుగోలుదారు కమీషను నూటికి 25 అయితే, 50 పౌన్లు చేరుతుంది. ఆ కమీషనుపై 20 శాతం పన్ను పడితే మరి 10. అప్పటికి 260. తపాలా, భీమా, ఇక్కడి కస్టమ్సు వేరు. కాబట్టి గరిష్ఠ పాట మొత్తాన్ని పైనుండి క్రిందికి లెక్కకట్టి ముందే వ్రాసి పంపడం క్షేమం. లండనులో ఉదయం 10 గంటలకు మొదలయ్యే వేలం వేసవిలో మనకు మధ్యాహ్నం 2-30, శీతకాలంలో 3-30. తరగతిలో ఉండే అధ్యాపకుడు అప్పుడు పాట పాడలేడు. కార్డుపై విదేశీ చెల్లింపుకు అనుమతి ముందే తీసుకొనకపోతే గెలిచిన పాట కూడా నిలువదు.

తాళపత్రాలకూ వ్రాతప్రతులకూ న్యాయం వేరు. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం శాస్త్ర, చారిత్రక, సాహిత్య విలువ గల వ్రాతప్రతి 75 ఏండ్లు దాటితే పురావస్తువే. దానిని వ్యక్తులు దేశం దాటించడం నిషిద్ధం. విదేశం నుండి ఇటు తెచ్చేవారు కూడా అది ఏనాడు, ఏ విధంగా అక్కడికి చేరినదో వ్రాతమూలకంగా అడిగి ఉంచుకోవాలి.

ముద్రిత గ్రంథాలలో ఈ ప్రశ్న ముద్ర రూపంలో ఎదురవుతుంది. ఛాయాచిత్రంలో ఏదో ఒక గ్రంథాలయపు గుండ్రని ముద్ర కనిపించి, ‘ఉపసంహృతం’ అన్న రెండవ ముద్ర లేనప్పుడు, పాట పాడేముందు ఆ గ్రంథాలయానికి జాబు వ్రాయడం విధి. ఆ పుస్తకం అక్కడి పట్టికలో ఇంకా ఉన్నట్లు సమాధానం రావచ్చు. అప్పుడు అలర్టు పెట్టుకొన్న అధ్యాపకుడు వేలంశాలకు తెలియజేసి పాట నుండి తప్పుకోవలసి ఉంటుంది. ఎన్నేండ్లుగా ఎదురుచూచిన ప్రతి అయినా సరే.