ఉక్కు పోయింది, మైదానం మిగిలింది

1919లో పెన్సిల్వేనియా నుంచి ఓ ఫుట్‌బాల్ జట్టు ఓడెక్కి స్వీడన్, డెన్మార్క్ దేశాలకు వెళ్లింది. 14 మ్యాచ్‌లు ఆడి రెండింట్లో మాత్రమే ఓడింది. యూరప్‌లో పర్యటించిన తొలి అమెరికన్ ప్రొఫెషనల్ జట్టు అదే. దాని పేరు బెత్లెహెమ్ స్టీల్. ఆ పేరుగల ఉక్కు కంపెనీయే దాన్ని పోషించింది.

అదే కంపెనీకి న్యూయార్క్ రాష్ట్రంలో, బఫెలో నగరాన్ని ఆనుకుని ఈరీ సరస్సు ఒడ్డున ఇంకో పెద్ద కర్మాగారం ఉండేది. ఆ ఊరు లాకవన్నా. అక్కడి కోక్ ఓవెన్ల దగ్గర చెమటోడ్చినవాళ్లలో యెమెన్ నుంచి వచ్చిన కూలీలు చాలామంది. వాళ్లకు కంపెనీ జట్టేమీ కట్టి ఇవ్వలేదు. వాళ్లే కట్టుకున్నారు. ఈ కథనం వాళ్ల గురించే. అయితే బెత్లెహెమ్‌లో ఏం జరిగిందో తెలిస్తేనే లాకవన్నా విలువ అర్థమవుతుంది.

బెత్లెహెమ్ క్లబ్ 1907లో కార్మికుల సరదా జట్టుగా మొదలైంది. కంపెనీ అధిపతి చార్లెస్ ష్వాబ్‌కు ఆటలంటే మోజు. డబ్బుకు వెనకాడలేదు. స్కాట్లాండ్, ఇంగ్లండ్ ఆటగాళ్లకు మిల్లులో ఉద్యోగాలిచ్చి మరీ రప్పించారు. ప్రేక్షకులు కూర్చునే స్టాండ్లతో సొంత మైదానం కట్టారు. ఫలితం త్వరగానే కనిపించింది. జాతీయ ఛాలెంజ్ కప్ 1915లో, ఆ మరుసటి ఏడు, 1918లో, 1919లో, చివరిగా 1926లో బెత్లెహెమ్‌కే దక్కింది. గ్లాస్గోలో పుట్టిన ఆర్చీ స్టార్క్ 1924-25 లీగ్ సీజన్‌లో ఒక్కడే 67 గోల్స్ కొట్టాడు. నేటి అభిమానులకు మెస్సీ లెక్కలు కంఠతా వచ్చు. వందేళ్ల కిందటి ఈ లెక్క మాత్రం అమెరికాలోనే ఎక్కువమందికి తెలియదు.

1928లో లీగ్ పెద్దలకూ జాతీయ సమాఖ్యకూ తగాదా ముదిరింది. క్లబ్బులు రెండు ముఠాలుగా చీలాయి. మరుసటి ఏడు స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. 1930లో కంపెనీ చేతులు దులుపుకుంది, జట్టు మూతపడింది. కప్పుల మీద కప్పులు గెలిచిన జట్టును ఆపడానికి యాజమాన్యానికి ఒక్క నిర్ణయం చాలింది. దశాబ్దాల తర్వాత ఫిలడెల్ఫియా యూనియన్ క్లబ్ తన రెండో జట్టుకు ఆ పాత పేరు పెట్టింది. 2015లో పెట్టి 2019 సీజన్ తర్వాత తీసేసింది.

ఇక లాకవన్నా సంగతి. బెత్లెహెమ్ కంపెనీ 1922లో ఇక్కడి ఫ్యాక్టరీని కొన్నది. మంచి రోజుల్లో 20,000 మందికి పైగా పనిచేసేవారు. రైలు పట్టాలకు అవతల, ఫ్యాక్టరీ వైపు ఉన్న పేట పేరు ఫస్ట్ వార్డ్. పోలండ్, క్రొయేషియాల నుంచి వచ్చినవాళ్లు, దక్షిణాది రాష్ట్రాల నల్లజాతివాళ్లు, ప్యూర్టోరికో వాళ్లు, యెమెనీలు అందరికీ చోటు దొరికింది అక్కడే. యెమెనీల రాక 1920, 30లలో పలచగా మొదలై, 1965 వలస చట్టం తర్వాత జోరందుకుంది. కొత్తగా వచ్చినవాడికి ఫ్యాక్టరీలో మిగిలేది కోక్ ఓవెన్ పనే. విశాఖ ఉక్కులో ఆ విభాగంలో చేసినవాళ్లకు ఆ వేడీ, ఆ పొగా ఎలాంటివో నేను చెప్పక్కర్లేదు.

వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఒంటరి మగవాళ్లు. భార్యాబిడ్డలు యెమెన్ కొండ ఊళ్లలో ఉండేవాళ్లు. గల్ఫ్‌కు వెళ్లిన కరీంనగర్, నిజామాబాద్ మనుషుల బతుకులు ఎరిగినవాళ్లకు ఇది కొత్త కాదు. ఒకే గదిలో నలుగురైదుగురు, నెలనెలా ఇంటికి డబ్బు, ఎప్పటికో ఒకసారి ప్రయాణం. అలాంటి బతుకులో సెలవు రోజు మనిషికి మనిషి తోడు కావాలి. మసీదు ఆ తోడు ఇచ్చింది. ఫుట్‌బాల్ కూడా ఇచ్చింది.

ఆ ఆట వాళ్లు అమెరికాలో నేర్చుకున్నది కాదు. బ్రిటిష్‌వాళ్లు 1839లో ఏడెన్ రేవును ఆక్రమించి, 1937 దాకా దాన్ని భారత పాలనలోనే ఉంచారు. అందులో ఎక్కువ కాలం అది బొంబాయి ప్రెసిడెన్సీలో భాగం. సైనికులతో, ఓడలతో బంతి కూడా ఆ రేవులో దిగింది. ఏడెన్‌లోని అల్ తిలాల్ క్లబ్ తన పుట్టుకను 1905గా చెప్పుకుంటుంది. అరేబియా ద్వీపకల్పంలో అన్నిటికన్నా పాత క్లబ్ తనదేనన్నది దాని గర్వం. 1990లో ఉత్తర, దక్షిణ యెమెన్‌లు ఒకటయ్యాక జరిగిన తొలి ఉమ్మడి లీగ్‌ను గెలిచింది కూడా తిలాలే. యెమెనీలు తొలినాళ్లలో దేశం దాటింది ఇదే రేవు మీదుగా. పొగ ఓడల్లో బొగ్గు వేసే పనికి కుదిరి వెళ్లినవాళ్లు వాళ్లలో ఎందరో.

మనకూ యెమెన్ మరీ పరాయిది కాదు. హైదరాబాద్ బార్కాస్‌లో ఉండేది నిజాం సైన్యంలో కొలువు చేసిన, యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతపు అరబ్బుల వారసులే. అక్కడి కుర్రాళ్లకూ ఫుట్‌బాల్ అంటే ప్రాణం. ఒకే దేశం నుంచి బయల్దేరిన జనం ఇటు చాంద్రాయణగుట్ట దాకా, అటు ఈరీ సరస్సు దాకా వెళ్లి రెండు చోట్లా బంతి వెంట పరుగెత్తారు. నన్ను ఈ కథలోకి లాగింది ఈ సంగతే.

లాకవన్నాలో యెమెన్ పేరుతో జట్టు ఉంది, యెమెన్ పేరుతో సాకర్ మైదానమూ ఉంది. అది ప్రొఫెషనల్ క్లబ్ కాదు. ఆర్చీ స్టార్క్ లాంటివాడిని జీతమిచ్చి తెచ్చే స్తోమత దానికి ఎన్నడూ లేదు. 1982 క్రిస్మస్ తర్వాతి సోమవారం, అంటే డిసెంబరు 27న, ఉక్కు తయారీ ఆపేస్తున్నామని బెత్లెహెమ్ ప్రకటించింది. 1983లో కొలుములు చల్లారాయి. ఊరు ఊరంతా పనిలేనిదైంది. కొందరు డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీల వైపు వెళ్లారు, కొందరు కిరాణా కొట్లు పెట్టుకున్నారు. 2001లో కోక్ ఓవెన్లు కూడా ఆగిపోయాయి. ఉక్కు చిట్టెం పోసిన సరస్సు ఒడ్డున ఇప్పుడు గాలిమరలు తిరుగుతున్నాయి. ఏ కంపెనీ కోసం వచ్చారో ఆ కంపెనీయే లేదు. కానీ మైదానం ఉంది, దాని పేరులో యెమెన్ ఉంది. నా దృష్టిలో ఇది అయిదు జాతీయ కప్పులకు తీసిపోదు.

ఈ పేటకు గట్టి దెబ్బ 2002 సెప్టెంబరులో తగిలింది. అఫ్గానిస్తాన్‌లో అల్‌ఖైదా శిబిరానికి వెళ్లొచ్చారని ఆరుగురు యువకులను అరెస్టు చేశారు. ఆరుగురూ మరుసటి ఏడు నేరం ఒప్పుకున్నారు, ఏళ్ల తరబడి శిక్షలు పడ్డాయి. వాళ్లలో ఊళ్లో సాకర్ ఆడి పెరిగినవాళ్లూ ఉన్నారు. టీవీ కెమెరాలు ఫస్ట్ వార్డ్‌లో తిష్ఠవేశాయి. ఆరుగురు చేసిన పనికి ఊరి యెమెనీలందరూ సంజాయిషీ చెప్పుకోవలసి రావడం అన్యాయం. చర్మం రంగు చూసి, పేరు చూసి అనుమానించే ఆ రోజుల్లో అమెరికాలో ఉన్న మనవాళ్లకూ ఆ చూపులు తగిలాయి.

యెమెనీలు ఎక్కువగా ఉన్న ఇంకో ఊరు మిషిగన్‌లో డెట్రాయిట్‌ను ఆనుకుని ఉన్న హామ్‌ట్రామిక్. అక్కడ 1936లో ప్రభుత్వ ఉపాధి పథకం కింద కట్టిన కీవర్త్ స్టేడియం ఉంది. ప్రారంభించింది అధ్యక్షుడు రూజ్‌వెల్ట్. కాలం గడిచేకొద్దీ అది శిథిలమైంది. 2012లో అయిదుగురు మిత్రులు పెట్టిన డెట్రాయిట్ సిటీ క్లబ్‌కు పెద్ద మైదానం కావలసి వచ్చినప్పుడు, కీవర్త్ మరమ్మతులకు జనాన్నే అప్పు అడిగింది. 527 మంది కలిసి 7,41,250 డాలర్లు సమకూర్చారు. 2016 నుంచి ఆట అక్కడే. ఆ తర్వాత ఆ క్లబ్ ప్రొఫెషనల్ అయింది, అభిమానులకు వాటా కూడా అమ్మింది. ష్వాబ్ లాంటి ఒక్క ధనికుడి దయ మీద నిలబడకుండా ప్రొఫెషనల్ క్లబ్ నడవగలదని చెప్పడానికి అమెరికాలో ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

ఇక వీళ్ల సొంత దేశం యెమెన్‌లో యుద్ధం ఫుట్‌బాల్ లీగ్‌ను ఏళ్ల తరబడి ఆపేసింది. అయినా 2021 డిసెంబరులో ఆ దేశపు పిల్లల జట్టు పశ్చిమాసియా ఫైనల్‌లో సౌదీ అరేబియాను పెనాల్టీల మీద ఓడిస్తే, ఒకరి మీద ఒకరు తుపాకులెత్తిన సనా, ఏడెన్ నగరాలు రెండూ వీధుల్లోకొచ్చి పండగ చేసుకున్నాయి.

అలాంటి కుర్రాడొకడు లాకవన్నాలో ఉన్న మేనమామ దగ్గరికి రావాలనుకుంటే దారి మూసుకుపోయింది. 2017 జనవరిలో వచ్చిన ప్రయాణ నిషేధంలో యెమెన్ ఉంది. దానికి నిరసనగా న్యూయార్క్‌లో యెమెనీల కిరాణా కొట్లు వెయ్యి దాకా ఒకరోజు మూతపడ్డాయి. 2021లో ఎత్తేసిన ఆ నిషేధం 2025 జూన్‌లో మళ్లీ వచ్చింది, యెమెన్ మళ్లీ అందులో ఉంది. ప్రపంచకప్, ఒలింపిక్స్ లాంటి పోటీలకు వచ్చే ఆటగాళ్లకు మాత్రం ఆ ఉత్తర్వులో మినహాయింపు ఇచ్చారు. యెమెన్ ఇప్పటిదాకా ఒక్క ప్రపంచకప్‌కూ అర్హత సాధించలేదు.