అనుదిన వాక్యపఠనము

క్రైస్తవ కుటుంబములలో పరిశుద్ధ గ్రంథము లేని యిల్లు అరుదు. అయినను ఆదివారమున దానిని చేతబట్టి దేవాలయమునకు పోయి, తిరిగివచ్చి బల్లపై నుంచి, మరల ఆదివారమువరకు తెరువని యిండ్లు పెక్కులు గలవు. గాదెనిండ ధాన్యముండగా పస్తుండుట యెట్టిదో, గ్రంథము గృహమందుండగా దానిని చదువకుండుట యట్టిది. బోధకుడు వారమున కొకసారి వడ్డించిన దానితోనే ఆత్మ యేడుదినములు బలముగ నుండజాలదు. చదువు నేర్చిన స్త్రీ తనంతట తాను వండుకొని భుజింపవలదా?

ఈ గ్రంథము సామాన్యుల చేతికి సులభముగ వచ్చినది కాదు. వేల్సు దేశమున మేరీ జోన్సు అను పేద నేతగాని కూతురు ఆరేండ్లు కాసుకాసు కూడబెట్టి, 1800వ సంవత్సరమున, పదునైదేండ్ల ప్రాయమున, ఒక ప్రతి కొనుటకై బాలా అను నూరికి ఇంచుమించు 25 మైళ్ళు కాలినడకన పోయెను. మన యాంధ్రదేశమున 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన క్రాన్, డెగ్రాంజెస్ అను మిషనరీలు తెలుగు నేర్చి యనువాదమునకు బూనుకొనిరి. 1818లో క్రొత్త నిబంధన తెలుగున శ్రీరాంపురమందు అచ్చుపడెను. ఇంత శ్రమచే లభించిన సొత్తును దుమ్ముపాలు చేయుట న్యాయమా?

“తీరిక యెక్కడిది?” అని సోదరీమణు లడుగుదురు. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. పొయ్యి, పిల్లలు, నీళ్లు, అతిథులు, వీనికి నడుమ ఇల్లాలికి గంటసేపు తీరిక దొరకదు. కాని పది నిమిషములు దొరకును. ఆ పది నిమిషములను ఏ పనికైనను ముడివేసి యుంచవలయును. తెల్లవారి పొయ్యి ముట్టింపకమునుపో, పిల్లలు బడికి వెళ్లిన పిమ్మటనో, మధ్యాహ్నపు పాత్రలు కడిగి బోర్లించిన తోడనో, ఎవరికి అనువైన వేళను వారు నిర్ణయించుకొనవచ్చును. వేళ మారకున్నచో మనస్సు దానంతట అదియే గ్రంథము కొరకు వెదకును. గ్రంథమును బీరువాలో దాచక, చేయి తగులుచోట నుంచుట మేలు.

ఎచ్చట మొదలిడవలయును? క్రొత్త సంవత్సరమున ఆదికాండముతో నారంభించి, నిర్గమకాండమున ప్రత్యక్ష గుడారపు కొలతలు రాగానే నీరసించి, లేవీయకాండమున ఆగిపోవువారు అనేకులు. ఆ భాగములు విడువదగినవి కావు. మొదటి మెట్టు మాత్రము కావు. 16 అధ్యాయములు గల మార్కు సువార్త ఆరంభమునకు తగినది. దినమునకు అర అధ్యాయము చదివినను ఇంచుమించు నెలదినములలో ముగియును. పిమ్మట సామెతలు, అవి 31 అధ్యాయములు గనుక తేదీకొకటి చదువవచ్చును. లూకా సువార్త 24 అధ్యాయములు. డిసెంబరు మొదటి తేదీన మొదలిడినచో క్రిస్మసు ముందునాటికి పూర్తియగును. అలవాటు స్థిరపడినవారు గ్రంథమంతయు నేడాదిలో చదువ దలచినచో, మొత్తము 1,189 అధ్యాయములు గనుక, ఆదివారమున ఐదు, తక్కిన దినములలో మూడేసి చదివిన చాలును.

అయితే లెక్క పూర్తిచేయుటయే భక్తి యని భ్రమింపరాదు. స్కాట్లండు దేశమున డండీ పట్టణ సంఘకాపరియైన రాబర్ట్ మెక్షేన్ 1842లో తన సంఘమువారికి సంవత్సర పఠన పట్టికను సిద్ధపరచి యిచ్చెను. పట్టికతోబాటు దానివలన కలుగు అపాయములను గూడ అతడే తెలిపెను: పఠనము వట్టి ఆచారమగుట, చదివితిమను గర్వము పుట్టుట, కొందరికది మోయలేని బరువగుట. కావున ఒకనాడు తప్పినచో మరునాడు బాకీ తీర్చుకొన బోవక, ఆనాటి భాగమునే చదువుడు. బాకీలు పెరిగిన అలవాటు త్వరలో దివాలా తీయును.

చదివిన పిమ్మట మూడు ప్రశ్నలు వేసికొనవలయును. ఇందు దేవుని గూర్చి యేమి తెలిసినది? నన్ను గూర్చి యేమి తెలిసినది? నేడు నేను చేయవలసిన దేమి? రూతు గ్రంథమును చూడుడు. నాలుగే అధ్యాయములు, అత్తాకోడండ్రు నాలుగు సాయంకాలములు కూర్చుండి చదువుకొన దగినది. పరదేశియైన విధవరాలు పరిగె యేరుకొనుచుండగా, బోయజు తన పనివారిని కొన్ని పిడికిళ్లు కావలెనని విడువుడని యాజ్ఞాపించును. ఇది చదివి కన్నులు చెమర్చినంత మాత్రమున లాభములేదు. మన యింట పాచిపని చేయు నామెకు జీతము సకాలమున ముట్టినదా? జ్వరముతో రాని దినములకు కోత వేసితిమా? వాక్యము అక్కడ తగిలినప్పుడే ఆత్మ పెరుగును.

ఒంటరిగ చదువుకొనుటతోబాటు, ఇంట నొకరికి బిగ్గరగ చదివి వినిపింపుడు. అక్షరములు రాని అత్తగారు వినుచు, చదివిన కోడలికంటె లోతైన మాట చెప్పుట కలదు. చూపు మందగించిన పెద్దలకు నేడు చేతిఫోనులో గ్రంథమును వినిపించు వీలును కలదు. పిల్లలు తల్లి పఠనమును చూచుచుందురు. తిమోతి బాల్యమునుండియే లేఖనముల నెరిగినవాడని పౌలు వ్రాసెను. అతని విశ్వాసము మొదట అవ్వయైన లోయిలోను, తల్లియైన యునీకేలోను ఉండినదనియు పేర్కొనెను.

సుఖదినములలో కూడబెట్టినది కష్టదినమున అక్కరకు వచ్చును. రోగి మంచమునొద్ద, మృత్యువు వాకిట నిలిచిన రాత్రి, పుటలు త్రిప్పి వెదకుటకు చేతులాడవు. అప్పుడు ఏనాడో చదివిన కీర్తన యొక్కటి దానంతట అదియే నాలుకకు వచ్చును. సోదరీమణులారా, రేపటి పనులు ముగిసిన పిమ్మట చూతమని వాయిదా వేయకుడు. ఇంటిపనులు ముగియునవి కావు. నేడే వేళ యేర్పరచుకొని, మార్కు సువార్త మొదటి పుటయం దొక గురుతుంచుడు.