బండ పగిలేదాకా నీళ్లెక్కిస్తే

బోరు వేయించిన తెలంగాణ, రాయలసీమ రైతుకు వేరే చెప్పనక్కర లేదు. గట్టి బండలో నీళ్లుండవు, దాని బీటల్లో ఉంటాయి. బీట తగిలితే జల పడ్డట్టు, లేకుంటే దుమ్ము లేచినట్టు. చమురు సంగతి కొంచెం వేరు. అది చాలాచోట్ల ఇసుకరాతి రేణువుల సందుల్లో నక్కి ఉంటుంది. కొన్నేళ్లు తోడాక లోపలి ఒత్తిడి పడిపోయి చమురు పైకి రానంటుంది. అప్పుడు కంపెనీలు పక్క బావుల గుండా నీళ్లు లోపలికి ఎక్కిస్తాయి. ఆ నీళ్లు చమురును తోడే బావి దాకా నెట్టుకొస్తాయి.

చిక్కల్లా బిగుతు రాతితోనే. ఇసుక నేలలో నీళ్లు గబగబా ఇంకుతాయి, బంకమట్టి మడిలో నిలిచిపోతాయి గదా! బిగుతు రాయి ఈ రెండో రకం. నీరు దూరం పాకలేక బావి చుట్టూనే ఒత్తిడి పేరుకుంటుంది. రాతిని భూమి అన్ని దిక్కులా ఒకే బలంతో అదిమి పట్టదు. ఎక్కడ పట్టు తక్కువో అక్కడ నీటి ఒత్తిడి దాన్ని మించి రాతిని చీలుస్తుంది. బాగా లోతున ఈ చీలికలు చాలావరకు నిలువునా సాగుతాయి. చల్లని నీళ్లు తగిలి వేడి రాయి కుంచించుకుపోతే చీలడం ఇంకా సులువు. చీలిక తోడే బావి వైపు సాగిందా, గండి పడ్డ కాలువే! ఇటు పోసిన నీళ్లే అటు తోడుకోవాలి. చమురు రెండు పక్కలా రాతిలోనే ఉండిపోతుంది. తొందరపడ్డ కంపెనీ నష్టానికి మేము కన్నీళ్లు పెట్టబోము. పైన కాపురముండే జనం మాటేమిటన్నదే మా ప్రశ్న.

అమెరికాలో కొలరాడో రాష్ట్రపు రేంజ్‌లీ చమురు క్షేత్రంలో రాయి ఇలా బిగుతైనదే. 1957లో అక్కడ నీళ్లెక్కించసాగారు. 1962లో పొరుగున యూటాలో భూకంపాలను కనిపెట్టే కేంద్రం వెలిశాక, రేంజ్‌లీ వైపు నుంచి చిన్న చిన్న అదుర్లు నమోదవుతూ వచ్చాయి. అక్కడి రాతిలో పాత పగులొకటి ఉంది. నీటి ఒత్తిడి దాని రెండు చెక్కల మధ్య పట్టు సడలించి జారనిస్తున్నదేమోనని ప్రభుత్వ భూగర్భ శాస్త్రజ్ఞులకు అనుమానం వచ్చింది. 1969లో పరీక్షకు దిగారు. రాతి ముక్కలను ప్రయోగశాలలో పరీక్షించి, లోపలి బిగువు కొలిచి, ఒక హద్దు లెక్కగట్టారు: 257 బార్లు. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి ఇది సుమారు 250 రెట్లు. 1970 నవంబరులో నీళ్లు వెనక్కి తోడారు, అదుర్లు బాగా తగ్గాయి. మళ్లీ ఎక్కించి హద్దు దాటించారు, మళ్లీ లేచాయి. 1973 మేలో ఎక్కించడం మానేశారు, అణిగాయి. భూమి కదలడమూ కదలకపోవడమూ పంపు తిప్పేవాడి చేతిలో ఉందన్నమాట!

ఈ ఫలితాలు 1976లోనే అచ్చయ్యాయి. ఎవరు చదివారో గాని, ఓక్లహోమా రాష్ట్రంలో చమురుతో పాటు వచ్చే ఉప్పునీటిని ఏళ్ల తరబడి లోతు పొరల్లోకి దిగ్గొట్టారు. అది చమురును నెట్టే నీరు కాదు, వదిలించుకునే నీరు. పాత పగుళ్లకు మాత్రం రెండూ ఒకటే. 2016 సెప్టెంబరు 3న పానీ పట్టణం దగ్గర 5.8 తీవ్రతతో భూమి కంపించింది. పానీ ఆదివాసుల కార్యాలయ భవనాలు బీటలు వారాయి. ఆ చుట్టుపక్కల 37 నీటి బావులు మూయమని అధికారుల ఉత్తర్వు వచ్చింది అప్పుడే, గోడలు పగిలాక.