ఆల్ఫ్రెడ్‌కి ఇంటి పేరు ఎప్పుడొచ్చింది? బ్యాట్‌మ్యాన్ బట్లర్ వెనకున్న అసలు కథ

పోయిన ఎపిసోడ్‌లో జోకర్ గురించి మాట్లాడుకున్నాం కదా, దాని కింద కామెంట్లలో ఎక్కువమంది అడిగింది బేన్ గురించి. ఈసారికి క్షమించండి. నేను ఇవాళ కాఫీ ట్రే పట్టుకుని వెనక నిలబడే మనిషి గురించి మాట్లాడతాను. ఆల్ఫ్రెడ్ పెన్నీవర్త్.

మనలో చాలామందికి ఆల్ఫ్రెడ్ అంటే మైకేల్ కేన్. 2005లో వచ్చిన బ్యాట్‌మ్యాన్ బిగిన్స్‌లో చూసిన ముసలాయన. నేను కూడా బాపట్లలో బీటెక్ చదివేటప్పుడు హాస్టల్ రూమ్‌లో, ఒక ల్యాప్‌టాప్ ముందు ఏడుగురం కూర్చుని ఆ సినిమాలు చూశాను. అమ్మానాన్నలు చనిపోయిన బ్రూస్‌ని చిన్నప్పట్నుంచి పెంచింది ఆయనే అనుకున్నా, మొదట్నుంచీ కథ అంతే అనుకున్నా. కానే కాదు.

బ్యాట్‌మ్యాన్ మొదటిసారి వచ్చింది 1939లో. ఆల్ఫ్రెడ్ వచ్చింది 1943లో, బ్యాట్‌మ్యాన్ పదహారో సంచికలో. అంటే నాలుగేళ్లపాటు బ్రూస్ వేన్ ఇంట్లో బట్లరే లేడు. అప్పటికే రాబిన్ కూడా ఉన్నాడు. ఈయన ఇంగ్లండ్ నుంచి పెట్టె పట్టుకుని దిగాడు. మా నాన్న మీ నాన్నగారి దగ్గర పనిచేశాడు, నేను నాటకాలు వేసుకుంటున్నాను, చనిపోయే ముందు మా నాన్నకి మాటిచ్చాను, అందుకే వచ్చాను అంటాడు. బ్రూస్‌కి, రాబిన్‌కి ఇది పెద్ద తలనొప్పి. ఇంట్లో కొత్త మనిషి ఉంటే రాత్రిపూట ముసుగులేసుకుని ఎలా వెళ్తారు? వద్దు పొమ్మనడానికి మొహమాటం. చివరికి ఒక రాత్రి అనుకోకుండా ఇంట్లో ఉన్న రహస్య దారి ఆయనకే దొరుకుతుంది, గుట్టు బయటపడుతుంది.

ఆ ఆల్ఫ్రెడ్ ఎలా ఉండేవాడో తెలుసా? బొద్దుగా, గుండు మొహంతో, మీసం లేకుండా. తానో పెద్ద డిటెక్టివ్ అనుకుని ప్రతిదాంట్లో వేలు పెట్టి పప్పులో కాలేసే కామెడీ క్యారెక్టర్. మన పాత సినిమాల్లో రేలంగి గారి పక్కన నిలబెట్టొచ్చు.

ఆ బొద్దు మనిషి సన్నబడ్డ కథ ఇంకా బావుంటుంది. 1943లోనే థియేటర్ల కోసం బ్యాట్‌మ్యాన్ సీరియల్ తీశారు. అందులో ఆల్ఫ్రెడ్‌గా వేసిన విలియం ఆస్టిన్ సన్నగా, సన్నటి మీసంతో ఉంటాడు. చూసినవాళ్లకి అదే ముఖం గుర్తుండిపోతుంది కదా. దాంతో కామిక్స్ వాళ్లు 1944 మొదట్లో ఒక కథ రాసి ఆల్ఫ్రెడ్‌ని ఆరోగ్య కేంద్రానికి పంపించారు. తిరిగొచ్చేసరికి ఒళ్లు తగ్గింది, మీసం మొలిచింది. నేను ఐదేళ్లు కోడ్ రాసిన మనిషిని. ఇది చూసి నవ్వొచ్చింది. క్లయింట్ డెమోలో ఏం చూపించారో దానికి తగ్గట్టు వెనకాల కోడ్ మార్చినట్టే ఉంది.

ఇక ఇంటి పేరు సంగతి. 1945లో ఒక కథలో ఆయన సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెడతాడు. అప్పుడు ఆయనకి ఇంటి పేరు ఇచ్చారు. బీగిల్. అదేంటో తెలుసుగా? వాసన పట్టి వేటాడే ఒక కుక్క జాతి. డిటెక్టివ్ కాబట్టి జోక్‌గా పెట్టారు, సరే. కానీ ఒక్కసారి ఆలోచించండి, ఇంట్లో పనిచేసే మనిషికి మొట్టమొదట దొరికిన ఇంటి పేరు కుక్కది. ఆ పేరుని కూడా తర్వాత వాళ్లే మర్చిపోయారు. ఏళ్ల తరబడి ఆయన ఉత్త ఆల్ఫ్రెడ్.

1964లో ఎడిటర్‌గా జూలియస్ స్వార్ట్జ్ వచ్చాడు. వచ్చీ రాగానే ఆల్ఫ్రెడ్‌ని చంపేశారు. బ్యాట్‌మ్యాన్, రాబిన్‌ల మీద బండరాయి పడబోతుంటే ఈయన అడ్డుపడి వాళ్లని తప్పించి తాను పోతాడు. ఆయన స్థానంలో ఇంటికి హారియట్ అత్తయ్యని తెచ్చారు. నమ్మకంగా ఇరవై ఒక్క ఏళ్లు పనిచేసిన మనిషి కథ అలా ముగిసిపోయింది.

ముగిసిపోయేదే. కానీ 1966 జనవరిలో టీవీలో బ్యాట్‌మ్యాన్ మొదలైంది. ఆ షోలో వాళ్లకి ఆల్ఫ్రెడ్ కావాలి. అలన్ నేపియర్ అనే నటుణ్ణి పెట్టుకున్నారు. టీవీలో బతికున్న మనిషి కామిక్స్‌లో చచ్చిపోయి ఉంటే ఎలా? అదే ఏడాది కామిక్స్‌లో ఆయన్ని లేపారు. ఎలా లేపారంటే, ఒక సైంటిస్టు ప్రాణం పోస్తాడు, ప్రయోగం వికటిస్తుంది, ఆల్ఫ్రెడ్ సున్నంలాంటి తెల్లటి ఒంటితో అవుట్‌సైడర్ అనే విలన్‌గా మారి బ్యాట్‌మ్యాన్‌నే చంపాలని చూస్తాడు. చివర్లో నయమైపోతుంది, జరిగిందేదీ ఆయనకి గుర్తుండదు. మళ్లీ ట్రే, మళ్లీ కాఫీ. లాజిక్ అడక్కండి.

పెన్నీవర్త్ అనే ఇంటి పేరు వచ్చింది 1969లో. అంటే పుట్టిన ఇరవై ఆరేళ్లకి. ఎందుకొచ్చిందో చూడండి, నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చింది ఇదే. ఆ సంచికలో ఆల్ఫ్రెడ్‌కి చుట్టాలొచ్చారు. విల్‌ఫ్రెడ్ అనే తమ్ముడు, డాఫ్నీ అనే తమ్ముడి కూతురు. చుట్టాలున్న మనిషికి ఇంటి పేరు ఉండి తీరాలి. అప్పటిదాకా ఎవరికీ అవసరం పడలేదు, ఎందుకంటే ఆయనకి వేరే ఇల్లు ఉంటుందని ఎవరూ అనుకోలేదు.

బ్రూస్‌ని పెంచిన ఆల్ఫ్రెడ్, అంటే మనకి తెలిసిన ఆల్ఫ్రెడ్, గట్టిగా స్థిరపడింది 1980ల రెండో సగంలో. డీసీ వాళ్లు తమ కథలన్నిటినీ ఒకసారి సర్ది మళ్లీ మొదలుపెట్టారు. 1987లో ఫ్రాంక్ మిల్లర్ రాసిన ఇయర్ వన్ వచ్చింది. అప్పట్నుంచి ఆల్ఫ్రెడ్ ముందే ఆ ఇంట్లో ఉన్నాడు, పిల్లాణ్ణి పెంచాడు, గాయాలకి కుట్లు వేస్తాడు, తప్పు చేస్తే మొహమ్మీద చెప్తాడు. 2012లో వచ్చిన ఎర్త్ వన్‌లో అయితే ఏకంగా మాజీ సైనికుడు. బ్రూస్‌కి కొట్లాట నేర్పేదే ఆయన.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. ఆల్ఫ్రెడ్ ఎప్పుడూ మాస్టర్ బ్రూస్ అంటాడు. చాలామంది దాన్ని యజమాని బ్రూస్ అని అర్థం చేసుకుంటారు. ఇంగ్లండ్ పెద్దిళ్లలో పనివాళ్లు ఆ ఇంటి పిల్లాణ్ణి పిలిచే పిలుపు అది. మన వైపు చినబాబు అంటాం చూడండి, అదీ. గబ్బిలం వేషం వేసుకుని ఊరంతా భయపెట్టే మనిషిని ఆయన రోజూ చినబాబూ, అన్నం చల్లారిపోతోంది అంటున్నాడన్నమాట.

పేరు సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. బ్యాట్‌మ్యాన్‌ని సృష్టించింది బాబ్ కేన్ అని దశాబ్దాలపాటు వేశారు. ఆ వేషం, ఆ కథ, గోథమ్ సిటీ, వీటిలో ఎంతో భాగం బిల్ ఫింగర్ అనే రచయితది. ఆయన 1974లో చనిపోయాడు. అధికారికంగా పేరు పక్కన పేరు వేసింది 2015లో.

అమెరికా వాళ్లంతే అనుకోకండి. నేను ఇప్పుడు కూర్చున్నది తెనాలిలో. చందమామని 1947లో నాగిరెడ్డి గారితో కలిసి మొదలుపెట్టిన చక్రపాణి గారిది ఈ ఊరే. దాన్ని 1952 నుంచి 1980లో చనిపోయేదాకా నడిపించిన కొడవటిగంటి కుటుంబరావు గారిదీ ఈ ఊరే, కానీ సంపాదకుడిగా ఆయన పేరు పడేది కాదు. తోకచుక్క, రాకాసిలోయ, పాతాళదుర్గం లాంటి సీరియల్స్ రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారిది ఇక్కడికి దగ్గర్లోని పెదగాదెలవర్రు. పన్నెండు సీరియల్స్. మా నాన్న తరం పిల్లలు నెల నెలా వాటికోసం ఎదురుచూశారు. పత్రికలో ఆయన పేరు ఉండేది కాదు. మా నాన్నకి కథలో పాత్రలన్నీ గుర్తున్నాయి, రాసిందెవరో మాత్రం నేను చెప్తేనే తెలిసింది.

సరే, ఆల్ఫ్రెడ్ దగ్గరికి వద్దాం. 2019లో టామ్ కింగ్ రాసిన కథలో బేన్ ఆయన్ని మెడ విరిచి చంపేస్తాడు. చూశారా, బేన్ గురించి అడిగినవాళ్లకి కూడా న్యాయం చేశాను. రెండేళ్ల తర్వాత నైట్‌వింగ్ కామిక్‌లో తెలుస్తుంది, ఆల్ఫ్రెడ్ పేరు మీద కోట్లాది డాలర్ల ఆస్తి ఉందని, అదంతా మొదటి రాబిన్ అయిన డిక్ గ్రేసన్‌కి రాసిచ్చాడని. డిక్ ఆ డబ్బుతో పెట్టిన సంస్థకి ఆల్ఫ్రెడ్ పెన్నీవర్త్ పేరే పెడతాడు. పూర్తి పేరు, ఇంటి పేరుతో సహా.

మన సినిమాల్లో ఇలా జరగదు. గుండమ్మ కథలో ఎన్టీఆర్ గారు పనివాడు అంజిగా ఎంత బాగా చేస్తారో, కానీ చివరికి ఆయన డబ్బున్నవాళ్ల అబ్బాయే. నిజంగా పనివాడై, చివరిదాకా పనివాడిగానే ఉన్న మనిషి చుట్టూ కథ తిరగడం మనకి చాలా అరుదు.

ఈ ఎపిసోడ్ ఎందుకు చేశానో చెప్పి ఆపేస్తాను. మా తాతయ్య వాళ్లది రేపల్లె దగ్గర ఒక ఊరు. వాళ్లింట్లో ఒక పాలేరు ఉండేవాడు. నేను సెలవులకి తెనాలి నుంచి రేపల్లె రైల్లో దిగితే స్టేషన్‌కి సైకిలేసుకుని వచ్చేది ఆయనే. నాకు ఈత నేర్పింది, జ్వరమొస్తే ఆర్‌ఎంపీ దగ్గరికి మోసుకెళ్లింది ఆయనే. ఆయన నన్ను చినబాబు అనేవాడు. ఆరేళ్లవాణ్ణి నేను, మా నాన్నకంటే పెద్దాయన్ని పేరు పెట్టి ఒరేయ్ అనేవాణ్ణి. ఇంట్లో అందరూ అలాగే పిలిచేవాళ్లు, ఎవరూ తప్పనలేదు.

మూడేళ్ల క్రితం ఆయన దగ్గర్నుంచి ఫోన్. ఆధార్‌లో ఏదో తప్పు పడిందట, ఫోన్‌లో సరిచేయడం కుదురుతుందా అని. మనవరాలు వాట్సాప్‌లో కార్డు ఫొటో పంపింది. పెద్దది చేసి చూస్తే ఆయన పేరు ముందు ఇంటి పేరు ఉంది. అప్పటిదాకా నాకు అది తెలీదు. మా అమ్మని అడిగితే తనకీ తెలీదంది.

పని ఎలా చేయించుకోవాలో చెప్పాను. ఫోన్ పెట్టేసేముందు, ఉంటాను చినబాబూ అన్నాడు. నేను, సరే తాతా అన్నాను. అటు నుంచి కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత, ఇక్కడ సిగ్నల్ సరిగా లేదు బాబూ అన్నాడు.