కడుపుతో ఉండగా కామెర్లా? పసరు కోసం ఆగకండి!



ఆబిడ్స్‌లో చీరలు కొనుక్కుని, నాంపల్లి ఎగ్జిబిషను చూసి, దాహమేస్తే బండి దగ్గర ఐసు వేసిన చెరకురసం తాగని వాళ్లు మనలో ఎవరున్నారు? కాని కడుపుతో ఉన్న మనిషి మాత్రం ఆ ఐసు ఏ నీళ్లతో చేశారో ఆలోచించాలి. ఎందుకో చెబుతాను.

కామెర్లు తెచ్చే వైరస్‌లలో హెపటైటిస్-ఇ ఒకటి. మురుగు కలిసిన నీళ్ల ద్వారా అది కడుపులోకి చేరుతుంది. 2005లో మన హైదరాబాదులో ఎంతోమందికి కామెర్లు వచ్చాయి. చాలామందిలో కారణం ఈ వైరస్సే. మంచినీటి గొట్టాలు మురుగు కాలువలను దాటిపోయే పేటల్లోనే జబ్బు ఎక్కువగా కనిపించింది.

మామూలు మనిషికి ఇది కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. "మా మరిదికి పసరుతో నయమైంది" అని మనం అనుకునేది అందుకే. గర్భిణి సంగతి వేరు. చివరి మూడు నెలల్లో ఇది సోకితే నూటికి 20 నుంచి 25 మంది దాకా చనిపోవచ్చు. లివరు దెబ్బతింటుంది, రక్తం గడ్డకట్టక కాన్పులో రక్తస్రావం ఆగదు. బిడ్డ నెల తక్కువగా పుట్టవచ్చు, కడుపులోనే పోవచ్చు.

మరి మనమేం చెయ్యాలి? నీళ్లు తెర్లేదాకా కాచి, మూతపెట్టి, చల్లార్చి తాగండి. వంటకు ముందు, దొడ్డికి వెళ్లొచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు పసుపుగా వచ్చినా, అన్నం సయించక వాంతులవుతున్నా "వేవిళ్లేలే" అని ఊరుకోకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లి రక్తపరీక్ష చేయించుకోండి. మగతగా ఉన్నా, మాట తడబడినా గంటసేపు కూడా ఆగవద్దు. పసర్లు, వాతలు, సొంతంగా వేసుకునే మాత్రలు అసలే వద్దు. పరీక్షలో హెపటైటిస్-బి అని తేలితే, బిడ్డకు పుట్టిన 24 గంటల్లోపే టీకా వేయించాలి.

నాంపల్లి దగ్గర రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ ఆసుపత్రి మీకు తెలిసిందే. తన దగ్గర పనిచేసే అమ్మాయి కాన్పులో చనిపోతే, ఆ దుఃఖంతో నీలోఫర్ యువరాణి పట్టుబట్టగా 1953లో వెలిసిందది. అలాంటి ఆసుపత్రి ఊళ్లో ఉండగా, పసరు కోసం మూడు రోజులు పోగొట్టుకోవడం న్యాయమా? అత్తగార్లూ, మీరే ముందు బయల్దేరదీయండి!