అడవి లెక్క

కొన్నేళ్ల కిందట నేను ఆర్మూరు దగ్గర ఒక పల్లెటూరి బడిలో హెడ్మాస్టరుగా ఉండేవాణ్ణి. ఒకనాడు బడిగోడమీద పెద్ద పెద్ద అక్షరాలతో "చెట్లు నరకరాదు" అని రాయించాను. మర్నాడు ఏడో తరగతి కుర్రవాడొకడు లేచి నిలబడ్డాడు. వాడి తండ్రి వడ్రంగి.

"సార్, చెట్లు నరకరాదని గోడమీద రాయించారు. మరి మీరు కూచున్న కుర్చీ దేనితో చేశారు? మా నాయన చేసే పని తప్పా?" అని వాడు అడిగాడు.

క్లాసంతా గొల్లున నవ్వింది. వాడు మటుకు నవ్వలేదు. వాడి కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. నేను రాయించిన రెండు మాటలూ కష్టపడి బతికే వాడి తండ్రిని తప్పుచేసినవాడిలాగా చేశాయన్నమాట! నాకు వెంటనే జవాబు తోచలేదు. "రేపు చెబుతాను," అన్నాను. పిల్లలూ, ఆ జవాబే ఇప్పుడు మీకూ చెబుతాను.

అది మాఘమాసం. మా ప్రాంతంలో పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబోసే రోజులు. మర్నాడు పిల్లల్ని ఊరి పక్కనున్న ఒక చేను దగ్గరికి తీసుకువెళ్లాను. అక్కడ బాయిలరులో ఆవిరిపట్టి పసుపు ఉడికిస్తున్నారు. చుట్టూ ఘుమఘుమలాడుతున్నది.

"నా చిన్నతనంలో ఈ బాయిలర్లు లేవు. పెద్ద పెద్ద కడాయిల్లో నీళ్లుపోసి, కింద కట్టెలూ, ఎండిన పసుపాకూ మండించి ఉడికించేవాళ్లు. ఆ కట్టెలన్నీ అదుగో, ఆ గుట్టమీదివే. ఏటా బండ్లకొద్దీ కట్టె కిందికి దిగేది. ఒక్క మొక్క కూడా పైకి వెళ్లేది కాదు. నాకు ఊహ తెలిసినప్పుడు పచ్చగా ఉన్న గుట్ట, నేను హైస్కూలు చదువు ముగించేసరికి బోడిగుండు అయింది," అని పిల్లలకు చెప్పాను.

చేను గట్టున చెట్టునీడలో ఒక కుప్ప ఉంది. దానిమీద పసుపాకు కప్పి ఉంది.

"ఇదేమిటి? ఈ పసుపును ఎందుకు ఉడకబెట్టలేదు?" అని అడిగాను.

"అది విత్తనం, సార్!" అన్నారు పిల్లలు.

"దాన్ని కూడా అమ్మితే ఇంకా డబ్బు వస్తుంది గదా?"

ఈసారి వడ్రంగి కొడుకే జవాబు చెప్పాడు: "విత్తనం అమ్ముకుంటే మృగశిరకార్తెలో ఏం నాటుతారు, సార్?"

చూశారా! ఎకరానికి ఎనిమిది, పది క్వింటాళ్ల విత్తనం కావాలి. ధర ఎంత బాగున్నా రైతు దాన్ని ముట్టుకోడు. పంట అమ్ముకోవటం తప్పుకాదు. విత్తనం అమ్ముకోవటం తప్పు. అడవి విషయమూ అంతే. అడవికి కూడా ఏటా ఒక పంట ఉంటుంది. చెట్ల మానులు ఏటికేడు లావెక్కుతాయి. ఆ పెరిగినదే అడవి పంట. అంతవరకే తీసుకుంటే అడవి తరగదు.

తరవాత నేను పిల్లలకు ఒక లెక్క ఇచ్చాను. మీరూ చెయ్యండి.

ఒక ఊరికి 40 ఎకరాల చెట్లతోపు ఉన్నది. చెట్టు కోతకు రావటానికి 40 ఏళ్లు పడుతుందనుకోండి. ఏటా ఒక్క ఎకరం కోసి, కోసినచోట మళ్లీ నాటుతూ పోతే, 41వ ఏట ఎక్కడికి వస్తాం? మొదటి ఎకరానికే! అప్పటికి అక్కడ చెట్లు కోతకు సిద్ధంగా ఉంటాయి. ఇలా ఎన్ని తరాలైనా గడపవచ్చు. కాని, ఆశపడి ఏటా రెండెకరాలు కోస్తే? ఇరవై ఏళ్లకే తోపు చివరికి వస్తాం. వెనక్కి తిరిగి చూస్తే మొదట నాటిన చెట్లకు ఇంకా ఇరవై ఏళ్లే. అవి కూడా కోసుకుంటే ఇక మిగిలేది మోళ్లే.

ఈ సంగతి లోకానికి చాలా కష్టంమీద తెలిసింది. జర్మనీలోని సాక్సనీలో వెండి గనులుండేవి. వెండిని కరిగించే కొలుములకు కట్టె కావాలి. గనులు కూలకుండా నిలబెట్టటానికి దూలాలు కావాలి. అడవులు తరిగిపోయి గనులే మూతపడే గతి వచ్చింది. అప్పుడు గనుల అధికారి హాన్స్ కార్ల్ ఫాన్ కార్లోవిట్స్ 1713లో ఒక పుస్తకం రాశాడు. అడవి ఎప్పటికీ నిలిచి ఉండేటట్టుగానే దాన్ని వాడుకోవాలని అందులో చెప్పాడు. మన దేశంలో కూడా అటవీశాఖవారు ఇలాంటి లెక్కలు కట్టి, సాధారణంగా పదేళ్లకొక ప్రణాళిక రాసుకుంటారు.

అయితే, లెక్కప్రకారమైనా కోయకూడని చోట్లు కొన్ని ఉన్నాయి. అవి కొండవాలులూ, వాగుల ఒడ్లూను. ఎందుకో తెలుసుకోవటానికి మేము బడిలో ఒక పరీక్ష చేశాం. రెండు పాత రేకు డబ్బాలను నిలువుగా కోయించి దోనెల్లాగా చేశాం. ఒకదానిలో ఉత్త మట్టి పోశాం. రెండోదానిలో గడ్డితో సహా పెళ్లగించిన మట్టిపెళ్ల పెట్టాం. రెండిటినీ ఇటుకమీద ఏటవాలుగా ఉంచి, కింద గాజుగ్లాసులు పెట్టి, పైనుంచి చెరొక చెంబెడు నీళ్లు చిలకరించాం. ఉత్త మట్టిలోనుంచి నీళ్లు జరజరా దిగి గ్లాసును బురదతో నింపేశాయి. గడ్డి ఉన్న దోనెలోనుంచి నీళ్లు ఆలస్యంగా, బొట్లుబొట్లుగా, దాదాపు తేటగా వచ్చాయి.

కొండమీద అడవి చేసే పని కూడా ఇదే. ఆకులు వాన దెబ్బను కాచుకుంటాయి. రాలిన ఆకుల పొర నీటిని పీలుస్తుంది. వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి.

లేకపోతే ఏమవుతుందో మా ఆర్మూరు పిల్లలు పోచంపాడు వెళ్లి చూడవచ్చు. అక్కడ గోదావరిమీద శ్రీరాంసాగర్‌కు 1963లో నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. కట్టినప్పుడు అందులో 112 టి.ఎం.సి.ల నీరు పట్టేది. ఒక టి.ఎం.సి. అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఇప్పుడు సుమారు 80 టి.ఎం.సి.లే పడుతుంది. తక్కిన చోటంతా మట్టే! ఎగువనున్న బోడివాలులనుంచీ, దున్నిన చేలనుంచీ వానలకు కొట్టుకువచ్చిన మట్టి అది. పైన పోయిన చెట్టుకు కింద నీరు నష్టమవుతున్నదన్నమాట.

ఇంతవరకూ విని ఒక అమ్మాయి అడిగింది: "లెక్క తెలిసినా రాత్రిపూట దొంగతనంగా నరుక్కుపోతే ఏం చేస్తారు, సార్?"

మంచి ప్రశ్నే. పశ్చిమబెంగాలులో మిడ్నపూరు జిల్లా అరాబారిలో సరిగ్గా ఇదే చిక్కు వచ్చింది. ఎందరు కాపలావాళ్లున్నా సాల అడవి తరిగిపోతూ వచ్చింది. 1972లో అజిత్ కుమార్ బెనర్జీ అనే అటవీ అధికారి చుట్టుపట్ల పదకొండు గ్రామాల వాళ్లను పిలిచి, "అడవిని మీరే కాయండి. మీకు పని ఇస్తాం. చెట్టు కోతకు వచ్చినప్పుడు నాలుగోవంతు ఆదాయం మీదే," అన్నాడు. నరికేవాళ్లే కాపలావాళ్లయినారు. సాల మోళ్లు మళ్లీ చిగిర్చి అడవి అయింది. మన రాష్ట్రంలో 1992లో వన సంరక్షణ సమితులు మొదలయినాయి. గోదావరికి అవతల, అప్పటి ఆదిలాబాదు జిల్లా బెహ్రూన్‌గూడ ప్రజలు అలాంటి సమితిగా ఏర్పడి, సుమారు 500 హెక్టార్ల టేకు అడవిని దొంగల బారినుంచి కాపాడుకున్నారు. అడవివల్ల బతికేవాడికి అందులో భాగం ఉంటే, వాడిని మించిన కాపలాదారు ఉండడు.

ఆర్మూరునుంచి ఉత్తరంగా పోయి గోదావరి దాటితే నిర్మల్ వస్తుంది. నిర్మల్ బొమ్మలు మీకు తెలుసు గదా? వాటిని తేలికగా, మెత్తగా ఉండే పొనికి కర్రతో చెక్కుతారు. నరకటమేగాని నాటటం లేకపోవటంచేత ఆ చెట్టు అరుదై, కళాకారులకు కర్రకు కరువొచ్చింది. అందుచేత అటవీశాఖవారు పొనికి మొక్కలు పెంచే పని చేపట్టారు. చెట్టు పోతే దానితోపాటు ఒక విద్య కూడా పోతుంది. కనక వడ్రంగి చెట్టుకు శత్రువు కాడు. చెట్టు ఉండాలని అందరికన్న ఎక్కువగా కోరుకోవలసినవాడు అతనే.

ఇదంతా విన్నాక వడ్రంగి కొడుకు మొహం విప్పారింది.

"అయితే గోడమీది మాట చెరిపేద్దామా?" అని వాణ్ణే అడిగాను.

వాడు కాసేపు ఆలోచించి, "చెరపనక్కర్లేదు, సార్. మధ్యలో రెండు మాటలు రాస్తే చాలు," అన్నాడు.

ఆ ఆదివారం వాడి తండ్రి నిచ్చెన భుజాన వేసుకుని బడికి వచ్చాడు. తండ్రి నిచ్చెన పట్టుకుంటే కొడుకు పైకెక్కి, పాత అక్షరాల మధ్య కాస్త పైగా, తన వంకరటింకర దస్తూరీతో రాశాడు. ఇప్పుడా గోడమీద ఇలా ఉంది:

"చెట్లు పెరిగినంతకు మించి నరకరాదు."