చిరుధాన్యములతో ఇంటి వంటలు

రాగులు, జొన్నలు, సజ్జలు, కొర్రలు పండించు రైతులు మన మెట్ట ప్రాంతములలో ఇప్పటికిని ఉన్నారు. అయితే వారిలో పలువురు పంటనంతయు కళ్లములోనే అమ్మివేసి, ఇంటికి తెల్లబియ్యము తెచ్చుకొనుచున్నారు. కష్టపడి పండించిన బలమైన గింజ ఊరు దాటిపోవుచున్నది. అంతకంటె బలము తక్కువైన గింజ కంచములోనికి వచ్చుచున్నది. ఇది లాభమో నష్టమో రైతు సోదరులు ఒకసారి లెక్క చూచుకొనవలెను.

ఇట్లు జరుగుటకు కారణములు లేకపోలేదు. 1983లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యము పథకము వచ్చినది. పేదల ఆకలి తీర్చుటలో అది ఎంతో మేలు చేసినది. దానితోపాటు మెట్ట ఊళ్లలో కూడ వరియన్నము నిత్యభోజనమైనది. ఇంకొక కారణము శ్రమ. దంచుట, విసరుట, కెలుకుట అంతయు స్త్రీల పనియే. ఆ చాకిరి తప్పినందుకు వారు సంతోషించుట న్యాయమే. కాని నేడు గింజను దంచుటకు, పిండి పట్టుటకు మరలు వచ్చినవి గనుక, ఆ శ్రమ చాలవరకు తగ్గినది.

ఏ గింజలో ఏమున్నది?

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటను 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత కలవారే. ఇక ఈ లెక్క చూడుడు. నూరు గ్రాముల సజ్జలలో ఇనుము సుమారు 6 మిల్లీగ్రాములు, రాగులలో 4కు పైగా ఉన్నది. పాలిషు పట్టిన బియ్యములో ఒక మిల్లీగ్రాము కూడ లేదు. ఎముకలకు కావలసిన కాల్షియము నూరు గ్రాముల రాగులలో సుమారు 360 మిల్లీగ్రాములుండగా, బియ్యములో పది లోపే.

అయితే గింజలోని ఇనుమంతయు ఒంటికి పట్టదు. నానవేసిన, మొలకెత్తించిన, పులియబెట్టిన గింజలో అది హెచ్చుగా పట్టును. భోజనములో నిమ్మరసము, ఉసిరికాయ ఉన్న మరింత మేలు. భోజనమైన వెంటనే టీ త్రాగినచో పట్టవలసిన ఇనుము తగ్గును. మన పెద్దల వంటలలో నానబెట్టుట, పులియబెట్టుట ఎట్లు ఇమిడియున్నవో ఈ క్రింది పద్ధతులలో గమనింపుడు.

రాగి సంగటి

ఒక గ్లాసు బియ్యమును లేక నూకలను కడిగి, అయిదు గ్లాసుల నీటిలో ఉప్పు వేసి మెత్తగా ఉడికింపవలెను. నీరు ఇంకా కొంత మిగిలియుండగనే ఒక గ్లాసు రాగిపిండిని పైన గుట్టగా పోసి, కలపకుండ మూత పెట్టి, సన్నని సెగపై పది నిమిషములుంచవలెను. పిండి ఆవిరికి ఉడికిన తరువాత తెడ్డుతో ఉండలు లేకుండ కెలికి, చేయి తడిచేసుకొని ముద్దలు చేయవలెను. ముందే కలిపినచో లోపల పచ్చిపిండి మిగిలిపోవును. గోంగూరపప్పు, వేరుసెనగ పచ్చడి, కోడిపులుసు దీనికి తగిన కూరలు.

రాగి అంబలి

రాత్రి రెండు చెంచాల రాగిపిండిని గ్లాసు నీటిలో కలిపి పులియనీయవలెను. ఉదయము దానిని మరి రెండు గ్లాసుల మరుగునీటిలో పోసి, కలుపుచు చిక్కబడువరకు కాచి చల్లార్చవలెను. మజ్జిగ, ఉప్పు, ఉల్లిముక్కలు కలుపుకొని చేనికి పోవుటకు ముందు త్రాగిన ఎండకు తాళుకొనవచ్చును.

జొన్న రొట్టె

గోధుమపిండికి ఉన్న సాగుడు గుణము జొన్నపిండికి లేదు. కావున చన్నీటితో కలిపిన రొట్టె విరిగిపోవును. సలసల కాగు నీటిని పిండిపై పోసి, గరిటెతో కలిపి, చేయి ఓర్చుకొను వేడికి వచ్చిన పిమ్మట బాగుగ మర్దింపవలెను. చేతితో తట్టి పెనముపై వేసి, పైభాగమును తడిగుడ్డతో అద్ది, తడి ఆరగానే త్రిప్పవలెను. సజ్జ రొట్టెయు ఇట్లే చేయుదురు. సజ్జపిండి మాత్రము త్వరగా చేదెక్కును. వారమునకు సరిపడునంతయే పట్టించుకొనుడు.

పసిబిడ్డలకు మొలకరాగి జావ

రాగులను పన్నెండు గంటలు నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి ఒకటి రెండు రోజులుంచిన మొలకలు వచ్చును. నీడలో ఆరబెట్టి, దోరగా వేయించి, మెత్తగ పిండి పట్టి జల్లించుకొనవలెను. మొలకెత్తిన గింజల పిండితో జావ పలుచగా వచ్చును గనుక, చిన్న పొట్టలో ఎక్కువ పిండి ఇముడును. ఆరు నెలలు నిండిన బిడ్డకు తల్లిపాలతోపాటు దీనిని పెట్టవచ్చును. అంతకు ముందు తల్లిపాలే చాలును.

రాగి బిస్కట్టులు

బడిపిల్లలకు అంగడి బిస్కట్టుల బదులు ఇవి చేసిపెట్టుడు. రాగిపిండి, గోధుమపిండి, బెల్లపుపొడి, వెన్న లేక నేయి తలా నూరు గ్రాములు, చిటికెడు బేకింగ్ పౌడరు, ఏలకుల పొడి తీసుకొనవలెను. పిండిని ముందుగ దోరగా వేయించి, చల్లారిన పిమ్మట అన్నియు కలిపి, రెండు మూడు చెంచాల పాలతో ముద్దచేసి బిళ్ళలుగ ఒత్తవలెను. పొయ్యి పెట్టె లేని యింట మందపాటి గిన్నెలో అంగుళము మందము ఇసుక పోసి, మూతపెట్టి పది నిమిషములు వేడిచేసి, లోపల చిన్న ముక్కాలిపై బిళ్ళల పళ్ళెము నుంచిన ఇరువది నిమిషములలో కాలును. దింపినపుడు మెత్తగానున్నను చల్లారిన పిదప గట్టిపడును.

ఒక హెచ్చరిక

చిరుధాన్యము మంచిదని అదొక్కటే తినరాదు. దక్కనులో జొన్నలే ముఖ్యాహారముగా తిను పేదలలో పెల్లగ్రా అను చర్మవ్యాధి కనిపించుటపై డాక్టరు సి. గోపాలన్ గారు 1960 ప్రాంతమున పరిశోధనలు జరిపిరి. కావున జొన్నతో పప్పు, పాలు, వేరుసెనగ, ఆకుకూరలు తప్పక ఉండవలెను. అలవాటు లేనివారు రోజునకు ఒక పూటతో మొదలుపెట్టుట మంచిది.

ఇంటికి ఎంత ఉంచుకొనవలెను?

మనిషికి పూటకు 80 గ్రాముల చొప్పున, అయిదుగురి కుటుంబమునకు రోజునకు 400 గ్రాములు కావలెను. నెలకు 12 కిలోలు. ఏడాదికి 146 కిలోలు. అనగా ఒకటిన్నర క్వింటాలు ఇంటికి తీసిపెట్టిన పిమ్మటనే బస్తాలు బండికెక్కింపుడు. కొర్రలకు పొట్టు పోవును గనుక కొంత హెచ్చుగా ఉంచవలెను. మరలో మరీ తెల్లగ పాలిషు చేయింపరాదు. ఉంచిన గింజ పంటి క్రింద టక్కున విరుగునట్లు ఎండవలెను.

ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యముల సంవత్సరముగా జరిపినది. ప్రపంచము గుర్తించిన గింజను పండించు చేతులకే అది దక్కకుండ పోరాదు. గ్రామాధికారులు, వ్యవసాయ సహాయకులు రైతుసభలలో విత్తనము, ఎరువులతోపాటు ఈ ఒకటిన్నర క్వింటాలు మాటయు చెప్పవలెను. ఆ సభలకు స్త్రీలను కూడ పిలువవలెను. తెడ్డు పట్టుకొనువారు రానిదే గింజ కుండలోనికి చేరదు.